పచ్చిక మీద మూడు వేళ్లు

శిక్షణ శిబిరం, ఇండియానా
సోమవారం, మధ్యాహ్న భోజనాలయ్యాక

అమ్మకు,

నీ ఎజ్రా ముద్దులు. దేవుని దయవల్ల ఇక్కడ నా ఒళ్లు, ఎముకలు, పళ్లు అన్నీ క్షేమం. అక్కడ నువ్వూ, చెల్లి జోవెల్, ఒడెల్లా పెద్దమ్మ, చర్చి వాళ్లందరూ కులాసా అనుకుంటున్నాను.

ఉత్తరాలే రాయమంటావెందుకని మొదట్లో విసుక్కున్నాను. "ఫోన్లో అయితే బాగున్నానమ్మా అని గబుక్కున అనేస్తావు. కాగితం మీద అబద్ధం రాయాలంటే చెయ్యి ఆగుతుంది," అన్నావు. నిజమే అమ్మా. ఈ ఉత్తరం ఇప్పటికి మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది నాలుగోది. ఇదీ చించేస్తే పోస్టు డబ్బా తీసే వేళ దాటిపోతుంది.

నువ్వడిగిన వాటికి వరసగా జవాబులు రాస్తాను.

తింటున్నావా అన్నావు. పొద్దున పన్నెండు గుడ్లు తింటున్నాను. తూకం మూడువందల పన్నెండు పౌండ్లు. మొక్కజొన్న రొట్టె మాత్రం ఇక్కడ తీపిగా చేస్తున్నారు, కేకులాగా. నోట్లో పెట్టుకోగానే నువ్వు గుర్తొచ్చి కోపం వస్తోంది.

మోకాలు ఎలా ఉందన్నావు. వాచడం లేదు. ఒట్టు.

పాడించారా అన్నావు. పాడించారు. కొత్తగా వచ్చినవాడెవడైనా భోజనశాలలో కుర్చీ ఎక్కి పాడాల్సిందే. నేను మన చర్చి పాట ఎత్తుకున్నాను. రెండో చరణం దగ్గర కుర్చీ విరిగింది. వెండెల్ ప్రూయిట్ అని మా లైనులో పెద్దాయన ఒకడున్నాడు, పదకొండేళ్లుగా ఆడుతున్నాడు. "కుర్చీకి సంగీతం తెలుసురా, తట్టుకోలేకపోయింది," అన్నాడు. గదిలో తొంభైమంది బల్లలు చరిచి నవ్వారు. చెయ్యిచ్చి నన్ను లేపింది కూడా ఆయనే.

ఈ ఫుట్‌బాల్ జట్టులో మీవాడు అసలు చేసేదేమిటని వెర్లీన్ అత్త అడిగిందన్నావు కదా. ఆవిడకు ఇలా చెప్పు. బంతి విసిరేవాడి ముందు అయిదుగురం గోడలా వంగి నిలబడతాం, దాన్నే లైను అంటారు. ఎదుటివాళ్లు అతని మీద పడకుండా ఆపుతాం. బంతిని మేము ముట్టుకోం. ఆట బాగా ఆడితే మా పేరెవరికీ తెలియదు, తప్పు చేస్తే ఊరంతటికీ తెలుస్తుంది. నీ ఫ్యాక్టరీలో చేపలు కోసే వరసలాంటిదే. ఒకరి కత్తి ఆగితే వరసంతా ఆగుతుంది.

ఇప్పుడే వరండాలో ఎవరివో అడుగులు వినబడ్డాయి. కలం ఆపేశాను. మా గది దాటిపోయాయి. మూడురోజులుగా ఇదే పని అమ్మా. ఎవరు నడిచినా అడుగులు లెక్కపెడుతున్నాను. ఒక సన్నటి మనిషి వచ్చి తలుపు తట్టి, "కోచ్ రమ్మన్నారు, నీ పుస్తకం తీసుకురా," అంటాడు. పుస్తకమంటే మా ఎత్తుగడలన్నీ రాసి ఉండేది. అది తీసుకురమ్మన్నారంటే ఇంటికి పొమ్మని. నా గదిలోవాణ్ణి శుక్రవారం అలాగే పిలిచారు. ఒక మేజోడు మంచం కింద మరిచిపోయి వెళ్లాడు. దాన్ని ఏం చెయ్యాలో తెలియక అక్కడే ఉంచాను.

రేపు సాయంత్రం నాలుగింటికి తొంభైమందిలో యాభైముగ్గురు మిగులుతారు. మా లైనుకు తొమ్మిది చోట్లు. ఎనిమిది పేర్లు ఎవరివో అందరికీ తెలుసు. తొమ్మిదోది వెండెల్‌దా, నాదా అన్నదే మిగిలింది.

నీ చివరి ప్రశ్నకు ఇంకా జవాబు రాయలేదు. ఆ పత్రికవాడు, "ఆటగాళ్ల ఎంపికలో ఏడో రౌండుదాకా ఎవరూ పట్టించుకోని కుర్రాడు అందరి కళ్లూ తనవైపు తిప్పుకున్నాడు," అని రాసిన ముక్క కత్తిరించి చర్చి నోటీసు బోర్డుకు గుచ్చావట. జోవెల్ దాని చుట్టూ పసుపురంగు గీత గీసిందట. "ఆరోజు నువ్వేం చేశావు నాన్నా? నీ మాటల్లో వినాలనుంది," అని రాశావు.

చెబుతాను. ముందు వెండెల్ గురించి చెప్పాలి.

వచ్చిన రెండోరోజే ఆయన నా వేళ్లకు పట్టీ చుట్టడం నేర్పాడు. "రెండేసి వేళ్లు కలిపి చుట్టరా, విడివిడిగా చుడితే విడివిడిగానే విరుగుతాయి," అన్నాడు. నా నోటుపుస్తకం చూసి నాకు పంతులని పేరు పెట్టింది ఆయనే. ఇప్పుడు కోచ్ హాల్వర్సన్ కూడా అలాగే పిలుస్తున్నాడు. కాలేజీలో రాసుకునే అలవాటు పోలేదమ్మా. చూసిందల్లా రాస్తాను. కొత్త మాట వినబడితే రెండుసార్లు రాస్తాను. ప్రాక్టీసయ్యాక కొత్తవాళ్లు పాతవాళ్ల శిరస్త్రాణాలు మొయ్యాలి, అది ఇక్కడి రివాజు. నేను చెయ్యి చాపితే వెండెల్ మాత్రం, "నాకు రెండు చేతులున్నాయిరా," అని తనది తనే మోసుకునేవాడు.

ఆయన ఆడుతుంటే నా వంతు కోసం ఆయన వెనకే నిలబడేవాణ్ణి. అక్కడినుంచే చూశాను. మేము వంగినప్పుడు ఒక చేతి మూడు వేళ్లు పచ్చిక మీద ఆనిస్తాం. బంతి పట్టుకుని పరుగెత్తే ఆటకైతే ముందుకు దూకాలి కాబట్టి వెండెల్ బరువంతా వేళ్ల మీద ఉంటుంది, గోళ్లు తెల్లబడతాయి. బంతి విసిరే ఆటకైతే వెనక్కి జరగాలి. అప్పుడు ఆయన వేళ్లు గడ్డిని తాకీ తాకనట్టు ఉంటాయి. ఆయనకా సంగతి తెలియదు. కోచ్‌కీ తెలియదు. ప్రాక్టీసులో ఆయనకు ఎదురు నిలబడే కూపర్‌కు తెలుసు. ఆ వేళ్లు చూసి ఏ ఆట వస్తుందో ముందే పసిగట్టి, బంతి కదలగానే ఆయన్ని దాటిపోయేవాడు. నేను నాలుగురోజులు లెక్కపెట్టాను. నలభై నాలుగు బంతుల్లో నలభై ఒక్కసారి వేళ్లు చూసి ఆట చెప్పగలిగాను. అదంతా నోటుపుస్తకంలో ఉంది.

పదో తారీఖున తెర మీద ఆరోజు ఆట చూపిస్తున్నారు. కూపర్ మూడుసార్లు వరసగా వెండెల్‌ను దాటిపోయాడు. హాల్వర్సన్ బొమ్మ ఆపి వెనక్కి తిరిగాడు.

"పంతులూ! నువ్వన్నీ రాసుకుంటావుగా. మన పెద్దాయనకు ఏమైంది? ఎందుకు ఓడిపోతున్నాడు?"

తెర మీద ఆయన చెయ్యి మంచమంత ఉంది. మూడు వేళ్లూ కనిపిస్తున్నాయి.

"కాలు నెమ్మదించింది సార్," అన్నాను.

అమ్మా, నేను దాచింది ఇదే. తెలియక అన్న మాట కాదు. వేళ్ల సంగతి చెబితే ఒక్కరోజులో సరిదిద్దుకుంటాడు. కాలు నెమ్మదించిందంటే ఆ రోగానికి మందు లేదు, వయసైపోయిందని అర్థం. ఆ రెండింటికీ తేడా నాకు తెలుసు. తెలిసే ఏరుకున్నాను. ముందు వరసలో కూర్చున్న వెండెల్, అవునన్నట్టు తలూపాడు. హాల్వర్సన్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

మర్నాడు వెండెల్ బదులు నన్ను మొదటి జట్టుతో నిలబెట్టారు. నా వేళ్లు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి, చూసుకుని పెడతాను కదా. కూపర్‌కు నా చెయ్యి ఏమీ చెప్పలేదు. ఒక్కసారి కూడా దాటలేకపోయాడు. పత్రికవాడు వచ్చింది ఆరోజే. పసుపు గీత మధ్యన ఉన్నది ఆరోజు సంగతే.

ఆ తర్వాత నాకు కుదురు పోయింది. నిలబడితే కూర్చోవాలనిపించేది, కూర్చుంటే లేవాలనిపించేది. పుస్తకం తెరిస్తే ఒకే వరస పదిసార్లు చదివేవాణ్ణి. అందరూ భుజం తడుతుంటే ఆ భుజం నాది కాదేమో అనిపించేది. అయినా నోరు విప్పలేదు. రోజుకో సాకు రాసుకున్నాను. ఆయన పదకొండేళ్లు ఆడాడు కదా, చాలదా? నన్నెవరు చూస్తారు? కూపర్ చెప్పొచ్చుగా?

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. ఒడెల్లా పెద్దమ్మకు పింఛను వచ్చిందనీ, ఫ్యాక్టరీలో కేకు కోశారనీ రాశావు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఆవిడ చెయ్యి వణకడం మొదలైంది. ఆవిడ పళ్లెం ఎందుకు నిండటం లేదని సూపర్‌వైజర్ వచ్చి అడిగితే, "కత్తి మొండిదండీ, మనిషి కాదు," అని నీ కత్తి ఆవిడకిచ్చి ఆవిడ కత్తి నువ్వు తీసుకున్నావు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి నవ్వావు. ఆ తర్వాత ఆరేళ్లు ఆవిడ పళ్లెంలో నీ చేపలు కొన్ని వేస్తూనే ఉన్నావు. నువ్వూ అబద్ధమే ఆడావమ్మా. నేనూ అబద్ధమే ఆడాను.

శనివారం ప్రాక్టీసయ్యాక వెండెల్ ఐసు తొట్టెలో మెడదాకా మునిగి ఉన్నాడు.

"అన్నా, ఒక మాట."

"పాట కాదుగా? అయితే చెప్పు."

నోటుపుస్తకం ఇచ్చాను. చేతులు తుడుచుకుని తీసుకున్నాడు. పేజీలు నెమ్మదిగా తిప్పాడు.

"చేతిరాత బాగుందిరా," అన్నాడు. మళ్లీ మొదటికి తిప్పాడు. "ఈ పేజీ ఏరోజుది?"

"ఆరో తారీఖుది అన్నా."

"కోచ్ నిన్ను అడిగింది?"

"పదో తారీఖున."

"అంటే తెలిసే అన్నావు."

"తెలిసే అన్నాను."

పుస్తకం మూసి తొట్టె అంచు మీద పెట్టాడు. "నేను తలూపాను కదరా ఆరోజు. నువ్వు అన్నావు కాబట్టి నమ్మాను. పంతులు ఊరికే అనడు అనుకున్నాను. ఆ సాయంత్రమే మా ఆవిడకు ఫోన్ చేసి, కాళ్లు అయిపోయాయే, ఇంటికొచ్చేస్తున్నాను అని చెప్పాను. తను ఏడ్చింది."

"క్షమించన్నా."

"వెళ్లరా. కాసేపు నన్ను కూర్చోనీ."

ఆదివారం పొద్దున ఆయన వేళ్లు ప్రతి బంతికీ ఒకేలా ఉన్నాయి. గోళ్లు ప్రతిసారీ తెల్లగానే. కూపర్ అయిదుసార్లు వచ్చాడు, అయిదుసార్లూ కిందపడ్డాడు. లేస్తూ, "ముసలాయన పొద్దున్నే ఏం తిన్నాడ్రా?" అని అరిచాడు.

మధ్యాహ్నం తెర మీద అదే చూపిస్తూ హాల్వర్సన్, "ఏమయ్యా వెండెల్, కాలికి కొత్త స్ప్రింగు వేయించావా?" అన్నాడు. అందరూ నవ్వారు. వెండెల్ నావైపు చూడలేదు. లైనులోవాడి తప్పు లైనులోవాడు కోచ్‌కు చెప్పడు, అది మాలో కట్టుబాటు. ఆయన చెప్పడని నాకు తెలుసు. నేనే చెప్పాలి.

చెయ్యెత్తాను. "సార్, పదో తారీఖున మీకు తప్పు చెప్పాను. కాలు కాదు. వేళ్లు. నాకు అప్పుడే తెలుసు."

హాల్వర్సన్ బొమ్మ ఆపి లైటు వేయించాడు.

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"ఆ చోటు నాకు కావాలి సార్."

హాల్వర్సన్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును. "లైటు తీసెయ్యండి. తర్వాతి బంతి," అన్నాడు, అంతే. రాత్రి భోజనాల దగ్గర నా బల్లకు ఎవరూ రాలేదు.

ఈ పొద్దున ప్రాక్టీసు అయ్యాక వెండెల్ నా ముందుకొచ్చి నిలబడ్డాడు. శిరస్త్రాణం విప్పి నా చేతుల్లో పెట్టాడు. ముందు నడిచాడు. నేను వెనక నడిచాను. లోపలంతా చెమట, నుదుటి దగ్గర మెత్త చిరిగిపోయి ఉంది. అది శిక్షో, నన్ను తన వాళ్లలో కలుపుకోవడమో తెలియలేదమ్మా. రెండు చేతులతో పట్టుకుని మోశాను. ఆయన చోట జాగ్రత్తగా, పట్టీ లోపలికి మడిచి పెట్టి వచ్చాను.

నిజంగా ఆయన కంటే నేను మంచి ఆటగాణ్ణేమో, నాకు తెలియదు. తెలుసుకునే దారి నేనే పాడుచేశాను. రేపు నన్ను ఉంచినా ఆ సంగతి తేలదు. అదే నన్ను కూర్చోనివ్వడం లేదు.

ఒక పని చేసిపెట్టు. బోర్డు మీది ఆ ముక్క తీసెయ్యి. జోవెల్ ఏడుస్తుంది, అన్నయ్యే తీసెయ్యమన్నాడని చెప్పు. ఎందుకని వెర్లీన్ అత్త అడిగితే ఈ ఉత్తరం చదివి వినిపించు, ఫరవాలేదు. గుండుసూదులు పారెయ్యకు. ఎప్పటికైనా నా కాళ్ల మీద నేను నిలబడ్డ రోజున వాటికి పనుంటుంది.

ఇది నీకు అందడానికి మూడురోజులు పడుతుంది. బస్సుకు ఒక్కరోజే. రేపు తలుపు తడితే ఉత్తరం కంటే ముందు నేనే గుమ్మంలో ఉంటాను. అప్పుడు ఎందుకొచ్చావురా అని నన్నడగకు, గబుక్కున ఏదో ఒకటి అనేస్తాను. ఈ కాగితం వచ్చేదాకా ఆగు. వచ్చాక, నేను ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, మొదటినుంచి చివరిదాకా చదువు. చదివాకే నాకు అన్నం పెట్టు.

ఇట్లు,
ఇంకా నీ కొడుకుననే అనుకుంటున్న
ఎజ్రా