నెల తప్పిన మాట

ప్రియమైన అమ్మకి,

ఫోనులో అరిచి చెబితే నీకు వినపడకపోగా పక్కింటివాళ్ళకి వినపడుతుంది. అందుకే రాస్తున్నాను. నెల తప్పింది! పెళ్ళైన ఇన్నేళ్ళకి! పొద్దున్నే వికారం, లేస్తే కళ్ళు తిరగడం. గుండీల ఫ్యాక్టరీలో నా పని తెలుసుగా, కదిలే బెల్టు మీద పగిలిన గుండీలు ఏరి పారెయ్యడం. నిన్న ఆ బెల్టు పక్కనే కూలబడిపోయాను. ఇంకో వింత, ఎప్పుడూ ఉప్పు తినాలనిపిస్తోంది. డబ్బాలో వేలు ముంచి నాకేస్తుంటే నీ అల్లుడు ఒకటే నవ్వు. డాక్టరు దగ్గరికి ఇంకా వెళ్ళలేదు. కాదంటారేమోనని భయం.

నీ చిన్నది

నా బంగారుతల్లికి,

నీ ఉత్తరం కుట్టుమిషను మీదే పెట్టుకుని పదేపదే చదివాను. ఇవ్వాల్సిన బట్టలన్నీ పక్కన పడేసి చిన్న చొక్కా ఒకటి కత్తిరించాను. మీ ఫ్యాక్టరీలో అన్నిటికన్నా చిన్న గుండీలు పంపు. వికారమంటావా, వేవిళ్ళు అలాగే ఉంటాయి. ఉప్పు మాత్రం మానెయ్, కాళ్ళు వాస్తాయి. నా చెల్లెలు, మీ పిన్ని కూడా కడుపుతో ఉన్నప్పుడు ఇలాగే ఉప్పంటే ప్రాణం పెట్టేది. దాని మాట ఇప్పుడెందుకులే. భయపడకుండా డాక్టరుకి చూపించుకో.

నీ అమ్మ

అమ్మా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. గుండీలు పంపడం లేదు. నాకు కడుపు లేదు.

"మీరు నెల తప్పలేదమ్మా, మీకు నెలసరే ఆగిపోయింది," అంది డాక్టరమ్మ. ముప్ఫై ఏళ్ళకే! రోగాలు రాకుండా ఒంట్లో కాపలా కాసే కణాలే దారి తప్పి, నా అండాశయాలని పరాయివనుకుని పాడుచేశాయట. నేను బెల్టు దగ్గర నిలబడి మంచి గుండీలనే ఏరి పారేస్తే ఎలా ఉంటుంది, అలాగ. ఇక పిల్లలు పుట్టడం కలలో మాటేనట. ఏడుస్తూనే ఉన్నాను. నీ అల్లుడు పక్కన కూర్చుని నా కళ్ళు తుడుస్తుంటాడు, అది ఇంకా బాధ.

ఆ కాపలా కణాలే మూత్రపిండాల మీదుండే గ్రంథుల్ని కూడా పట్టుకోవచ్చు, వెంటనే ఇంకో రక్తపరీక్ష చేయించుకోమని చీటీ రాసిచ్చింది. చించేశాను. ఒక చెడ్డ కబురు చాలదా? నువ్వు చెప్పావని ఉప్పు మానేశాను, ఎవరి కోసమో మరి. లేచి నిలబడే ఓపిక లేదు. ఎండ మొహం చూడకపోయినా చేతులు నల్లబడ్డాయి.

నీ చిన్నది

నా పిచ్చితల్లికి,

ఫోను చేయిస్తే ఎవరూ ఎత్తలేదు, అందుకే ఇది పోస్టులో వెయ్యకుండా మీ మామయ్య చేతికిచ్చి బస్సెక్కించాను. చదవగానే వాడి వెంట ఆస్పత్రికి వెళ్ళు.

చేతులు నల్లబడ్డాయన్నావే, అక్కడ నా గుండె ఆగింది. మీ పిన్నికీ అంతే. నెల తప్పింది, వాంతులు, ఉప్పు పిచ్చి, ఒళ్ళంతా మసిబారింది. అన్నీ కడుపుతో ఉన్న లక్షణాలే అన్నారు. కాళ్ళు వాస్తాయని ఇంట్లో ఉప్పు డబ్బా దాచేశారు. ఐదో నెల అని మేం మురిసిపోతుండగా వాంతులతో పడిపోయి మళ్ళీ లేవలేదు. కడుపు ఎత్తుగా లేదేమని ఎవరూ అడగలేదు. తల్లీబిడ్డా పోయారని ఏడ్చాం.

నాకు డాక్టర్ల చదువు తెలీదు. కానీ నీ ఉత్తరంలో నాకు అదే కనబడింది. ఉప్పు మానెయ్యమన్నాను, నా నోరు పడిపోను! తిను తల్లీ. పిల్లలు లేకపోతే లేకపోనీ. నాకు నువ్వు కావాలి.

అమ్మ

ప్రియమైన అమ్మకి,

మామయ్య వచ్చేసరికి నేను వంటింటి గడప దగ్గర పడి ఉన్నానట. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. అవీ ఉప్పునీళ్ళేనమ్మా. ఆ గ్రంథులు కూడా పాడైపోయాయి, బతికున్నన్నాళ్ళూ మాత్రలు వేసుకోవాలి. ఒంట్లో ఉప్పుని నిలిపేవి అవేనట, అవి పోబట్టే ఉప్పు పిచ్చి, చేతులు నల్లబడడం. వార్డులో అందరినీ ఉప్పు తగ్గించమంటారు, నన్నొక్కదాన్నే తినమంటారు. చూశావా నా దర్జా!

పిల్లల సంగతి మాత్రం మారలేదు. పక్క వార్డులో పసిపిల్ల ఏడిస్తే దుప్పటి ముసుగేసుకుంటున్నాను. ఆ చొక్కా ఎవరికైనా ఇచ్చెయ్. నాకు చూపించకు.

డాక్టరమ్మకి పిన్ని సంగతంతా చెప్పాను. "చూడని మనిషి గురించి ఖాయంగా చెప్పలేను. కానీ ఇదే జబ్బులా ఉంది, మీ పిన్నికి కడుపు ఉండి ఉండదు," అంది.

అమ్మా, ఇన్నేళ్ళూ నువ్వు ఇద్దరి కోసం ఏడ్చావు. బిడ్డ లేదు. పిన్ని ఒక్కతే పోయింది, ఉప్పు అడుగుతూ.

నీ చిన్నది