మూడో ముద్ద

చెల్లీ తియామికే,

చైనాలో నీతో చదివేవాళ్లు మన ఊరి వీడియో చూపించి, "మలావిలో మీకు తిండే దొరకదటగా" అన్నారని రాశావు. బెంగపడకు. అది తీసినతను మొన్న మళ్లీ వచ్చాడు. మమ్మల్ని చిరిగిన బట్టలు కట్టుకుని రమ్మని, మొక్కజొన్న పిండి కోసం కెమెరా ముందు చేతులు చాపమన్నాడు. ఫోటో అంటే మనవాళ్లు అలా వెళతారా? అందరూ చర్చికి కట్టే కొత్త చితెంజె గుడ్డలు కట్టుకొచ్చారు. అతను తల పట్టుకున్నాడు.

"ముందు తిను నాయనా, ఎండకి వాడిపోయావు" అని నఫిరి అత్త మొక్కజొన్న పిండితో వండిన ఎన్సిమా ముద్దలు, చేపల పులుసు పెట్టింది. రెండు ముద్దలు తిని, మూడో ముద్దకి చెయ్యి చాపాడు. అది నా ఫోన్‌లో తీశాను. నీకు పంపుతున్నాను, చూసి నవ్వుకో. ఇంకెవరికీ చూపించకు. అతనికీ అమ్మ ఉంటుంది.

మీ అక్క