గానుగ దగ్గర తిన్న బెల్లం

ఐరాల, మాఘమాసం, 1943. మంగళవారం రాత్రి.

అన్న ఇంకా అన్నం ముట్టలేదు.

పొద్దున మా చెరకు తోటలో ఒక ఇటలీవాడు దొరికాడు. బెంగుళూరులో యుద్ధ ఖైదీల శిబిరం నుంచి తప్పించుకుని ఎన్నాళ్లుగా నడుస్తున్నాడో, పాదాలు పగిలి నెత్తురు కారుతున్నాయి. పట్టాళంలో చేరి పోయిన అన్న కుడిచెయ్యి ఎడారి యుద్ధంలో తీసేసింది ఆ ఇటలీవాళ్లే. అన్న వాణ్ణి చంపేస్తాడేమోనని భయపడ్డాను.

అన్న వాణ్ణి గానుగ దగ్గర కూర్చోబెట్టి, చెరకు రసం కాగే పెనంలోంచి వేడి బెల్లం తీసి ఆకులో పెట్టాడు.

"నీ చెయ్యి తీసినోళ్లకి మర్యాదలేందిరా?" అన్నాడు నాయన.

"గానుగ కాడికి పగోడొచ్చినా బెల్లం పెట్టాలని నువ్వే కదా నేర్పినావు నాయనా! మన బెల్లం తిన్నోన్ని ఇంక పట్టియ్యకూడదు."

నాయన అప్పటికే మునసబుకు కబురు పంపాడని మాకు తెలియదు. ఇటలీవాడు వేళ్లు నాకుతుండగానే మునసబు పంపిన తలారులు వచ్చి, చేతులు వెనక్కి విరిచి కట్టారు. వాడు పెనుగులాడలేదు. ఆకులో మిగిలిన బెల్లం వైపు చూసి, తర్వాత అన్న వైపు చూశాడు. అంతే.

ఇందాక అరుగు మీద కూర్చుని అన్న అడిగాడు: "బెల్లం ఆశ పెట్టి పట్టిచ్చినాననుకుంటాడు కదా పాపా వాడు?"

రేపు చిత్తూరు జైలుకు పోయి, తాను పట్టియ్యలేదని వాడితో చెప్పి వస్తానంటున్నాడు అన్న.

ఏ భాషలో చెబుతాడు...