బొటనవేలంత ద్రోహి

నా కన్నా పదకొండు నిమిషాలు చిన్నవాడైన తమ్ముడికి,

ఆశీర్వాదాలు ప్రస్తుతానికి వాయిదా. నాలుగు వీధుల అవతల ఉన్నవాడికి ఉత్తరమేమిటని పోస్ట్‌మ్యాన్ నవ్వాడు. నీ గడప తొక్కనని ఆరేళ్ల కిందట ఒట్టు పెట్టుకున్నాను. పోస్ట్‌మ్యాన్ తొక్కితే నా ఒట్టుకి వచ్చిన నష్టం లేదు.

నిన్న మీ వదినతో లైబ్రరీకి వెళ్లాను. అక్కడ గాజు పెట్టెలో పాతకాలపు కోట ముట్టడి బొమ్మలు పెట్టారు. సైన్యం, గుర్రాలు, ఏనుగులు, అన్నీ బొటనవేలంత. బాగానే ఉన్నాయే అనుకుంటూ వంగి చూద్దును కదా, దొంగచాటుగా శత్రువులకు కోట తలుపు తీస్తున్న ద్రోహి సేనాపతికి నా మొహం! తలపాగా జారిన నా బట్టతల, నా ముక్కు, కుడి చెంప మీద నా పుట్టుమచ్చ. రంగులు వేసింది నువ్వని కింద చీటీ. పక్కనే నిలబడ్డ మా మంగలి ఆ బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూసి, "మీరు మిలిటరీలో ఎప్పుడు చేశారండీ?" అన్నాడు.

మన గడియారాల కొట్టు నువ్వు పోగొట్టింది చాలక, ఇప్పుడు ద్రోహిని కూడా నేనేనా? వారంలోగా వాడి మొహం మార్చు.

ఒళ్లు మండుతున్న
నీ అన్న

తా.క. మీ వదిన మాత్రం పోలిక బాగా కుదిరిందంటోంది. ఆవిడతో కూడా మాటలు మానేశాను.

*

అన్నయ్యకి,

నమస్కారాలు. ఆరేళ్ల తర్వాత నీ చేతిరాత చూసి ముందు సంతోషపడ్డాను. ఆ తర్వాత చదివాను. చదవకుండా ఉండాల్సింది.

ఆ మొహం నీది కాదు, నాది. లైబ్రరీ మేడ మీద బుధవారాలు ఒక టీచరమ్మ ఆ కోట బొమ్మలకి మొహాలు వెయ్యడం నేర్పుతోంది. గడియారాలు బాగుచేసిన చెయ్యి, కంటికి భూతద్దం తగిలించుకుంటే ఇదో లెక్కా అని చేరాను. మొదటి సిపాయి కళ్లలో తెల్లరంగు నింపాను. వాడు దయ్యాన్ని చూసినవాడిలా తయారయ్యాడు. "కంట్లో తెలుపు తెల్లగా ఉండదండీ, ముసలివాళ్ల పళ్ల రంగులో ఉంటుంది" అంది. రెండోవాడికి మెల్లకన్ను వచ్చింది. మూడోవాడికి కనుపాప పెడుతుంటే నాకు తుమ్ము వచ్చింది. వాడు ఇప్పుడు ఒంటికన్ను వీరుడు. ముందు కనుబొమల కింద, ముక్కు కింద నీడ వెయ్యాలి, తర్వాత చెంప మీద వెలుగు, చివర్న ఊపిరి బిగబట్టి కనుపాప. ఇదంతా వంటబట్టేసరికి ముప్ఫై ఒక్కమంది మొహాలు పాడయ్యాయి. టీచరమ్మ విసిగిపోయి, "ఊహించుకుని వెయ్యకండి, అద్దంలో మీ మొహం చూసి వెయ్యండి" అంది. అలా వేసినవాడే ఆ సేనాపతి. వాడి మచ్చ కూడా నాదే.

నీ తమ్ముడు

తా.క. మనం కవల పిల్లలమైతే నన్నంటావేం? పదకొండు నిమిషాలు ముందుగా వెళ్లి ఆ మొహం ఎంచుకున్నది నువ్వు.

*

తమ్ముడికి,

నెల రోజులు జవాబు రాయలేదంటే దానికో కారణం ఉంది. చివర్లో చెబుతాను.

అబద్ధమాడినా అతికినట్టుండాలి. నీ మచ్చ ఎడమ చెంప మీద, నాది కుడి చెంప మీద. ఎవరికి స్నానం చేయించిందో అమ్మ ఆ మచ్చ చూసే కదా గుర్తుపెట్టుకునేది! ఒకసారి పొరపాటున నాకే రెండుసార్లు నీళ్లు పోసింది, నువ్వు మర్నాటి దాకా మట్టితో తిరిగావు. బొమ్మకి మచ్చ కుడివైపే ఉంది. భూతద్దం పట్టుకెళ్లి మూడుసార్లు చూశాను.

నేను ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో మూలుగుతుంటే, ఒక్క మాట అడక్కుండా కొట్టు తాళంచెవి తీసుకెళ్లి బిల్డింగ్ ఓనర్ చేతిలో పెట్టావు. నేను వచ్చేసరికి మన బల్ల దగ్గర దర్జీ కూర్చుని ఉన్నాడు. తలుపు తీసింది నువ్వు, మొహం నాదా?

ఇప్పుడు కారణం విను. ఆ కోటలో రాజుకి ఇంకా మొహం వెయ్యలేదు. నెల నుంచీ, నువ్వు రాని శనివారం క్లాసుకి నేనూ వెళ్తున్నాను. ఈ శనివారం రాజుకి నా మొహం వేస్తాను. ఆ తర్వాత ద్రోహిగాడి సంగతి రాజుగారే చూసుకుంటారు.

కాబోయే మహారాజు

తా.క. టీచరమ్మ నన్ను నువ్వే అనుకుంటోంది. "బుధవారం అంత చక్కగా వేసిన కన్ను శనివారానికి మరిచిపోతే ఎలాగండీ?" అని క్లాసంతా వినేలా చివాట్లు పెట్టింది. నీ వల్ల నాకు ఎక్కడా పరువు దక్కదా?

*

అన్నయ్యకి,

నీ ఉత్తరం పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. నా మచ్చ అద్దంలో ఎడమవైపు కనబడింది. బొమ్మని ఎదురుగా పెట్టుకుని నేనూ ఎడమవైపే చుక్క పెట్టాను. కానీ మనకి ఎదురుగా నిలబడ్డవాడికి అది కుడి చెంప! నలభై ఏళ్లు గడియారం ముళ్లు సరిచేసినవాణ్ణి, నాకు కుడి ఎడమలు తెలియలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఆ ద్రోహిని నేనే అడిగి తీసుకున్నాను. నా మొహం కావాలనే వేశాను. పాత కొట్టు ఖాళీ చేస్తే పక్క వీధిలో ఇంకా పెద్ద గది ఇస్తానని ఓనర్ అన్నాడు. నువ్వు ఆసుపత్రి నుంచి రాగానే కొత్త కొట్టు చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. వాడు మాట తప్పాడు. అయినా తప్పు నాదే, నిన్ను అడగాల్సింది. ఆరేళ్లుగా ఈ మాట నోటితో చెప్పలేకపోయాను. కనీసం బొటనవేలంత బొమ్మతో అయినా ఊరందరి ముందు ఒప్పుకుందామనుకున్నాను. చివరికి ఆ క్షమాపణకి కూడా నీ మొహమే తగిలించాను.

నన్ను క్షమించు అన్నయ్యా. బుధవారం వెళ్లి మచ్చ మారుస్తాను.

నీ తమ్ముడు

తా.క. కొట్టులో మనం కూర్చునే రెండు స్టూళ్లూ మా ఇంట్లోనే ఉన్నాయి. నీ స్టూలు మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు, పిల్లిని తప్ప. అది నా మాట వినదు.

*

పదకొండు నిమిషాల తమ్ముడికి,

ఆశీర్వాదాలు. వాయిదా వేసినవి కూడా కలిపి పంపుతున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. శనివారమే నేను రాజుగారి మొహం పూర్తిచేశాను. అద్దం ఎదురుగా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, కనుపాపలతో సహా. టీచరమ్మ మెచ్చుకుని, రాజుగారిని అక్కడికక్కడే జిగురుతో సింహాసనానికి అతికించేసింది. నీ ఉత్తరం చదవగానే చెప్పులు కూడా వేసుకోకుండా లైబ్రరీకి పరిగెత్తాను. అనుకున్నంతా అయింది. రాజుగారి మచ్చ ఎడమ చెంప మీద ఉంది. నిన్ను ఉరి తీయిద్దామని వెళ్లి, నీకు పట్టాభిషేకం చేసి వచ్చాను.

బుధవారం నువ్వు ఆ మచ్చలు ముట్టుకోకు. నువ్వు రాజుగానే ఉండు, నేను ద్రోహిగానే ఉంటాను. ఆరేళ్లు నీ మొహం చూడకుండా కూర్చున్నందుకు నాకు ఆ మాత్రం జరగాల్సిందే. నేనూ ఒక్క మాట అడగాల్సింది, అడగలేదు. అది తలుచుకుంటే ఏడుపొస్తోంది.

కోట గుమ్మం దగ్గర గంట కొట్టే భటులు ఇద్దరున్నారు. వాళ్లకింకా మొహాల్లేవు. మనిద్దరం వేద్దాం. అద్దం వద్దు, ఎదురెదురుగా కూర్చుని నీ మొహం చూసి నేను, నా మొహం చూసి నువ్వు. ఆదివారం పొద్దున్నే వస్తున్నాను. నా స్టూలు మీంచి పిల్లిని దింపి ఉంచు.

నీ అన్న

తా.క. మనం ఇద్దరమని టీచరమ్మకి ఇంకా చెప్పలేదు. వచ్చే బుధవారం ఇద్దరం కలిసే మేడ ఎక్కుదాం. ఆవిడ ఏ బొమ్మకీ కనుపాప పెట్టని సమయం చూసి ఎక్కాలి, లేకపోతే ఇంకో ఒంటికన్ను వీరుడు తయారవుతాడు.