రెండు గంటల మైకు పర్మిషన్

అన్నా,

మొన్న నీ సంవత్సరీకానికి భజన పెట్టుకున్నాం. పరీక్షల కాలమని గద్వాలలో మైకులు బంద్ చేశారు. పర్మిషన్ అడిగితే స్టేషన్‌లో రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి కాగితం మీద నీ పేరు రాసిచ్చాను.

ఎస్సై చదివి, "భజన పాడే ఆయనదా? జర ముందే చెప్పొద్దా పెద్దాయనా!" అంటూ సాయంత్రం రెండు గంటల పాటు మైకు పెట్టుకోవడానికి సంతకం పెట్టాడు.

ముప్పై ఏళ్లు నీ పక్కన తాళం వేసిన నన్ను మాత్రం గుర్తుపట్టలేదు. పోయాక కూడా నీదే పైచేయి అని కడుపు మండింది. ఆ కసితోనే మొదటిసారి మైకు అందుకుని నీ పాట పాడాను.

వదిన కళ్లు తుడుచుకుంటూ, "గింత మంచిగ పాడుతవా? గిన్నేండ్లు ఎందుకు పాడలే?" అంది.

"అన్న పాడనిస్తే కదా" అనబోయి ఆగిపోయాను. నువ్వెన్నడూ వద్దనలేదు. నేనే ఎన్నడూ అడగలేదు.