పొరుగింటి అనుమతి

క్వేకర్స్ హిల్, సిడ్నీ
28-11-1999, ఆదివారం

మంగళక్కకు,

నీ తమ్ముడు మురళి నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ, ముఖ్యంగా అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకునే ఉంటావు. తిట్టుకో, ఈసారి ఏమీ అనుకోను.

ముందు బావగారి ప్రశ్న. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి విమానాలు పడిపోవు, బ్యాంకుల్లో డబ్బు ఆవిరైపోదు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే వాడారు, మేం కూర్చుని వాటిని సరిచేస్తున్నాం. పొద్దున్నే రైలెక్కి వెళ్ళడం, తారీకులు దిద్దడం, మళ్ళీ రైలెక్కి రావడం. ఇంత చదువూ ఇందుకేనా అని నువ్వు నవ్వుతావు. నాకైతే ఈ మధ్య ఆ పనే హాయిగా ఉంది. దానికి బుర్రా అక్కర్లేదు, మనసూ అక్కర్లేదు.

అమ్మ ఊరగాయ పంపనా అని అడిగిందన్నావు. ఆవకాయ ఇంకా సగం జాడీ ఉంది, పంపొద్దని చెప్పు. నీ మరదలు వైశాలి గురించి అడిగావు. అది చివర రాస్తాను. కాగితం తిప్పి ముందు అదే చదివే అలవాటు నీకుంది, అలా చేయకు.

పక్కింటివాళ్ళెవరు, అవసరానికి తలుపు కొట్టగలిగినవాళ్ళేనా అని అడిగావు. ఎడంపక్క ఉన్నాయన 'హౌ యూ గోయింగ్, మైట్' అంటాడు, నా జవాబు పూర్తయ్యేలోపు లోపలికి వెళ్ళిపోతాడు. కుడిపక్క జరీఫా ఆంటీ వాళ్ళు. అజర్‌బైజాన్ అని, రష్యా ముక్కలైనప్పుడు విడిపోయిన దేశం. అక్కడ బాకూ అనే ఊరు, సముద్రం ఒడ్డున చమురు బావుల మధ్య ఉంటుందట. ఆవిడకి మా పేర్లు తెలుసు, కానీ పిలవదు. గోడ మీంచి 'గొన్షూ' అని కేకేస్తుంది. వాళ్ళ భాషలో పొరుగువాళ్ళని అర్థం. మేం ఈ ఇంట్లో దిగిన రోజే సామాన్లు విప్పకముందే వచ్చి, మా ఊరు, మా అమ్మానాన్నలు, నీ సంగతి, నీ పిల్లల సంగతి అన్నీ రాబట్టింది. వాళ్ళ వైపు ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు పక్కింటి తలుపు కొట్టి, ఎలాంటి మనుషులో చూసుకుంటారట. తమని అలా చూసుకోకుండానే మేం ఇక్కడ ఇల్లు కొన్నందుకు ఆవిడకి ఇప్పటికీ దిగులే. టీలో పంచదార వేసుకోదు. చెంచాడు జామ్ నోట్లో పెట్టుకుని, దాని మీద టీ తాగుతుంది. నువ్వూ ఆవిడా ఒక వీధిలో ఉంటే మిగతా వీధికి అన్నం వండుకునే తీరిక ఉండదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఆవిడా, ఆవిడ భర్తా మా గుమ్మంలోకి వచ్చారు. ఎప్పుడూ సొంతింట్లోలా నడిచి వచ్చే మనిషి ఆ రోజు గడప దాటలేదు. కూతురి నిశ్చితార్థం శనివారమని, పెరట్లో పాటలూ వాద్యాలూ ఉంటాయని, మా అనుమతి కోసం వచ్చామని చెప్పింది. ఇక్కడ పార్టీలు చేసుకునేవాళ్ళు చప్పుడవుతుందని ముందే పక్కింటికి చెప్పి వెళ్తారు. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

"నో వర్రీస్ ఆంటీ, ఎంతసేపైనా పెట్టుకోండి," అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆవిడ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వస్తుంది, నేను తెలుగు చేసి రాస్తున్నాను. "చప్పుడు గురించి కాదు బాబూ. పక్కింట్లో మనిషి పోతే మేం అడగకుండా పాట పెట్టం. నువ్వు కాదు చెప్పాల్సింది. తల్లిని పిలువు."

అక్కా, అదీ సంగతి. అక్టోబరులో వైశాలికి కడుపులో బిడ్డ పోయింది. ఐదో నెల. నీ ఉత్తరం వచ్చేసరికి అంతా అయిపోయింది, అందులో నువ్వు పొత్తిళ్ళకి పంపుతానన్న పంచె ముక్కల గురించి చదివి మడిచి పెట్టేశాను. మీకెవరికీ చెప్పలేదు. చెప్పడానికి నాకు దుఃఖం కూడా రాలేదు, అదే భయం వేసింది. మర్నాడు కాక ఆ మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. మా ద్వారకానాథ్ 'లైట్ తీస్కో బాస్, నెక్స్ట్ ఇయర్ ట్రై చెయ్' అన్నాడు. మంచివాడే, ఇంకేమనాలో తెలియక అన్నాడు. నేనూ సరేనన్నాను. చావు అన్న మాట ఎవరూ అనలేదు. నేనూ అనుకోలేదు.

వైశాలి గదిలోంచి వచ్చింది. ఆవిడ మళ్ళీ మొదట్నుంచీ అడిగింది. వైశాలి గోడకి ఆనుకుని, "నో ఆంటీ. మ్యూజిక్ వద్దు," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. "షీ ఈజ్ టయర్డ్ ఆంటీ, మీరు కానివ్వండి," అని సర్దబోయాను. ఆవిడ నా వైపు చూడలేదు. చెయ్యి గుండెల మీద పెట్టుకుని వైశాలికి తల వంచి, భర్తని తీసుకుని వెళ్ళిపోయింది.

"వాళ్ళింట్లో శుభకార్యం. ఏదో మర్యాదకి అడిగారు, ఓకే అంటే సరిపోయేది కదా," అని కోప్పడ్డాను.

"మర్యాదకి కాదండీ, నిజంగానే అడిగింది," అంది వైశాలి. "హాస్పిటల్ నుంచి వచ్చాక నన్ను ఒక్కళ్ళు కూడా ఏదీ అడగలేదు. మీరు కూడా."

నిన్న నిశ్చితార్థం జరిగింది. వీధి చివరిదాకా కార్లు. ఆడవాళ్ళు మెరుపుల గౌన్లలో వచ్చారు. ఒకాయన వాద్యం పెట్టె మోసుకొచ్చాడు, జరీఫా ఆంటీ ఏదో చెప్పింది, పెట్టె తెరవకుండానే మళ్ళీ కారులో పెట్టేశాడు. మా వంటగది కిటికీలోంచి అంతా కనిపిస్తుంది. పెరడు నిండా జనం. టీ గ్లాసుల చప్పుడు, మెల్లగా మాటలు, అంతే. ఉంగరాలు మార్చుకున్నప్పుడు కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా ముఖాలు చూడనివాళ్ళు కూడా మా కోసం ఊరుకున్నారు. సింకులో కుళాయి తిప్పి అలాగే నిలబడిపోయాను. మా ఇంట్లో మనిషి పోయారని నాకు అప్పుడు తెలిసింది. వైశాలి వచ్చి కుళాయి కట్టేసింది. అక్కడే నా చెయ్యి పట్టుకుని నిలబడింది. ఏడుపు ఇంకా రాలేదు, కానీ వస్తుందనిపిస్తోంది.

నీతో ఒక పని ఉంది. అమ్మకు నువ్వే చెప్పు, ఫోనులో నా వల్ల కాదు. వీధిలో వాళ్ళు ఎలాగూ అడుగుతారు. కడుపు నిలవలేదట అని చెప్పకు. మా తమ్ముడింట్లో ఒకరు పోయారని చెప్పు. ఎవరని అడిగితే, వాడి కూతురని చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు
బాలమురళి