ఒక్క మాట సార్

జూన్ 9, సోమవారం

పొద్దున్నే యుగంధర్ ఒక ఆడియో క్లిప్ పంపాడు. కింద బాంబు బొమ్మ. మా ‘ఉప్పుగాలి’ పత్రికకి ఫొటోలు తీసినన్నాళ్ళూ, ఇప్పుడు యూట్యూబ్ చానల్ నడుపుతున్నన్నాళ్ళూ ప్రతి చెత్తకీ అదే బొమ్మ పెట్టాడు. ఈసారి నిజంగానే బాంబు.

అధికారుల టెలికాన్ఫరెన్స్. అన్ని మండలాల వాళ్ళూ లైన్లో ఉన్నారు. కళింగపట్నం అవతల రేవుపాలెంలో జెట్టీ కట్టడానికి ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడు పెట్టాలన్నది చర్చ. పెద్దసారు సలహా ఇస్తున్నాడు. వేట నిషేధం పద్నాలుగుతో అయిపోతుంది, పదహారున పెట్టండి, రెండు నెలలు పస్తులున్న మగాళ్ళలో ఒక్కడూ ఒడ్డున ఉండడు, మిగిలేది ఆడాళ్ళే, టిఫిన్ పెట్టి వేలిముద్రలు వేయించండి అని. లైను నిండా నవ్వులు.

అప్పుడొక ఆడగొంతు. ఒక్క మాట సార్, అంది. చేపలు ఎండబెట్టేదీ అమ్మేదీ ఆడవాళ్ళే కదా, నిజంగా వాళ్ళనే అడిగితే?

నవ్వులు ఆగిపోయాయి. ఎవరమ్మా అది, ఏ మండలం అని పెద్దసారు గద్దించాడు. ఎవరూ పలకలేదు. అక్కడితో క్లిప్ అయిపోయింది.

ఆ గొంతు విశాలిది.

అదే రోజు, మధ్యాహ్నం

విన్నాను. మళ్ళీ విన్నాను. అన్నం చల్లారిపోయింది.

ఇరవై ఏళ్ళ కిందట మా పత్రికలో ప్రూఫులు దిద్దేది. విజయనగరంలో సంగీతం చెప్పుకునే ఇంటి పిల్ల, కోపంలో కూడా శ్రుతి దాటేది కాదు. నేను చర్చి బడి మేష్టారి కొడుకుని. దేవుణ్ణి వదిలేశాను కానీ ప్రసంగం వదల్లేదు. మా వాదనల్లో నావి వంద మాటలు. అన్నీ అయ్యాక, ఒక్క మాట, అనేది. నిజంగా ఒక్కటే ఉండేది.

సర్కారు ఉద్యోగం వచ్చినప్పుడు, లోపల ఉండి కూడా చెయ్యొచ్చు అంది. లోపలికెళ్ళిన ఉప్పు లోపలే కరుగుతుంది అన్నాను. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కదిలేదాకా అంటూనే ఉన్నాను. కిటికీలోంచి, చూద్దాం, అంది. బస్సు కొత్తవలస వైపు వెళ్ళిపోయింది.

ఇన్నాళ్ళకి జవాబు. నాకు చెప్పింది కాదు, పెద్దసారుకి చెప్పింది. అయినా నాకే.

జూన్ 10

క్లిప్ చానల్లో పెట్టాం. నిప్పులు కక్కుతూ సంపాదకీయం చదివాను. గొంతు గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. యుగంధర్ ఆశ్చర్యపోయాడు. ఏటి మావా, అసలు మేటరు ఆ మేడమే కదా, ఆవిడెవులో పట్టుకుంటే మన చానల్ ఎక్కడికో పోతాది అంటాడు. బస్సుకి టైమైందని లేచాను.

నరసన్నపేట వెళ్ళాను, జనం ఎంత మండిపోతున్నారో చూద్దామని. మండడమా! టీకొట్టు దగ్గర పకపకలు. ఒకడు అది ఏఐ గొంతు అన్నాడు. ఇంకొకడు, పెద్దసారు పెళ్ళామే లైన్లోకి దూరిపోయుంటాది, ఇంటి దగ్గర కూడా ఇలాగే అడుగుతాదేమో అన్నాడు. బజార్లో ఫోన్ మోగితే చాలు, ఒక్క మాట సార్, ఒక్క మాట సార్. రింగ్‌టోన్ చేసేశారు! ప్రభుత్వం పట్టపగలు దొరికిపోతే వీళ్ళకి రింగ్‌టోన్. థూ. ఇలాంటి జనం కోసమా నేను కేసులు మోసింది?

బస్సులో నా ముందు సీటు ఆవిడకి ఫోన్ వచ్చింది. ఎత్తకుండా ఉంటే బాగుండు అనుకున్నాను.

జూన్ 11

చానల్ కట్. క్లిప్‌ని ప్రసారం చెయ్యరాదు, పదహారు నాటి సభకి మీడియా రారాదు, అని పైనుంచి ఉత్తర్వు.

జూన్ 12

రేవుపాలెం. ఒడ్డునిండా వలలు, బాగుచేసుకుంటున్న మగాళ్ళు, రంగులేసిన బోట్లు. ఎండుచేపలమ్మే అసిరమ్మ ఇసుకలో కవ్వళ్ళు ఎండబెడుతోంది. జరిగిన కుట్ర అంతా వివరంగా చెప్పాను. చేపలు తిరగేస్తూనే వింది.

దొరలు అలాగ మాటాడతారని మాకు తెలవదేటి బాబూ, అంది. రెండు నెల్లు కూకున్నోడు ఏటకెల్లకుండా నీ మీటింగుకి వస్తాడా? ఆడికి తెలిసే పెట్టినాడు. అది కొత్త కాదు. ఆ సదువుకున్న అమ్మి మనల్ని అడగమన్నాది సూడు, అదీ కొత్త. ఆ అమ్మి దొరికితే మా ఇంటికాడ కూడు పెట్టి పంపుదును.

ఆవిడ ఫోన్‌లోనూ అదే రింగ్‌టోన్. మోగింది. నేను సముద్రం వైపు తిరిగాను.

నీకు తెలుసా ఆ అమ్మి, అని అడిగింది. తెలీదన్నాను. నీ నోరు తెలీదంతన్నాది, నీ మొకం అనడం నేదు, అంది.

జూన్ 13

సీఐ గిరిబాబు స్టేషన్‌కి పిలిచి టీ ఇప్పించాడు. క్లిప్ పెట్టాడు. ఫోన్ కేసి చూడ్డం లేదు, నా ముఖం చూస్తున్నాడు. అసిరమ్మ మాట గుర్తొచ్చింది. వెంటనే రాజ్యాంగం ఎత్తుకున్నాను. భావప్రకటన దగ్గర మొదలెట్టి, ఆ గొంతు వచ్చే చోటికి బల్ల గుద్దుతూ ఎమర్జెన్సీకి చేరాను. నా అరుపులు ఇన్నేళ్ళలో ఒకరికి పనికొచ్చింది ఇదే మొదలు.

అరవండి జ్ఞానానందం గారూ, నాకేం ఇబ్బంది లేదండి, అన్నాడు. ఆ మేడమ్ ఎవరో సోమవారం తేలిపోతుందట. అనుమానమున్న ముగ్గురు మహిళా అధికారులకీ సభలో తలా కాసేపు మైకు ఇస్తారట. గొంతు శాంపిల్ ఇమ్మంటే యూనియన్ వాళ్ళొస్తారు గానీ స్వాగతం చెప్పమంటే ఎవరొస్తారండీ, అని నవ్వాడు. రికార్డు చేసి పోల్చుకుంటారు.

ఇదంతా నాకెందుకు చెప్పాడు? బయటికెళ్ళి ఎవరికి ఫోన్ చేస్తానో చూడ్డానికి.

జూన్ 14, ఉదయం

ఆమె నంబరు నా దగ్గరుంది. ఇన్నేళ్ళూ పౌరుషంతో చెయ్యలేదు. ఇవాళ చెయ్యకుండా ఉండడం వేరే పని.

ఆమె దొరికితే ఉద్యోగం పోతుంది, కేసు పడుతుంది. ఇంకెవరూ లోపల నోరు విప్పరు. దొరక్కపోతే, నా దగ్గర మిగిలేది ఆ కాస్త క్లిప్.

అదే రోజు, సాయంత్రం

మళ్ళీ రేవుపాలెం. ఫోన్ ఇంట్లో పెట్టి బస్సెక్కాను. బోట్లకి పసుపు రాస్తున్నారు. పేరు చెప్పలేదు. సోమవారం ముగ్గురు మేడమ్‌లకి మైకు ఇస్తారు, ఎవరి గొంతూ అందులో వినబడకూడదు, అన్నాను. అసిరమ్మ పసుపు చెయ్యి కడుక్కుంది. ఓస్ అదేటి బాబూ, అరవడానికి మాకు సదువు కావాలా, అంది. అయితే టిఫిను తినీసినాకే. వొదలం అది.

ఆమె గొంతు నేరుగా వినే అవకాశం ఇరవై ఏళ్ళలో ఇదొక్కటే. వినబడకుండా చెయ్యమని నేనే అడిగి వచ్చాను.

జూన్ 15

తెల్లారేసరికి రేవులో ఒక్క బోటు లేదట.

జూన్ 16, సోమవారం

దారికి అడ్డంగా తాడు కట్టి నన్ను సరుగుడు తోట దగ్గరే ఆపేశారు. నా పక్కన కానిస్టేబులు. దూరంగా టెంటు. నాకు దిక్కు లౌడ్‌స్పీకరే.

ఉప్మా అయింది. మొదటి మేడమ్ మైకు అందుకుంది. టెంటులో ఆడాళ్ళంతా లేచారు. అసిరమ్మ గొంతు ముందు, ఒక్క మాట సారూ అని. వెనక వందమంది. అరిచి అరిచి అలిసిపోతారు కదా, ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఫోన్లు మోగాయి. ఒకరికొకరు కాల్ చేసుకుంటున్నారు! టెంటు నిండా, బుట్టల్లో, రొండిన దోపిన సంచుల్లో, ఒక్క మాట సార్, ఒక్క మాట సార్. నేను థూ అన్న రింగ్‌టోన్.

రెండో మేడమ్. అదే గోల.

మూడోది విశాలి. జుట్టు నెరిసింది. అదే నిలబడడం, కాస్త ఎడమకి ఒరిగి. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఒక్క క్షణం వీళ్ళు ఊపిరి తీసుకుంటే చాలు, నాకొక్కడికీ వినబడితే చాలు అనుకున్నాను. తీసుకోలేదు. చుట్టూ ఉన్న ప్రతి ఫోన్లోంచీ ఆమె గొంతే వస్తోంది, ఆమె నోట్లోంచి తప్ప.

ఆమె ఆగింది. విన్నది. తన గొంతే అంతమంది ఆడవాళ్ళ దగ్గర మోగుతుంటే తల వంచి మైకు మెల్లగా బల్ల మీద పెట్టేసింది. నవ్విందేమో. అంత దూరం నుంచి తెలియలేదు.

సభ వాయిదా. రికార్డులో ఆవిడ గొంతు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఉంది, ఎవరిదని రాసుకోమంటారు, అని గిరిబాబు నన్నే అడిగాడు. విశాలి ఎక్కిన జీపు వెళ్ళిపోయింది. ఆమె తోట వైపు చూడలేదు. చూడకపోవడమే మంచిది.

పొద్దు వాలాక అసిరమ్మ వచ్చింది. బోట్లు తిరిగొచ్చేలోగా అందరం ఆ పాట ఫోన్లలోంచి తీసేత్తన్నాం బాబూ, అంది. అన్నీ వాయిదా పడతాయి గానీ పోలీసోడు వాయిదా పడడు. నువ్వూ తీసీ. అది నీ కాడుంటే నీ మొకం ఊరుకోదు.

జూన్ 17

క్లిప్ తీసేశాను.

పొద్దుటినుంచీ ఆ గొంతు గుర్తు చేసుకుంటున్నాను. శ్రుతి దొరకడం లేదు. వస్తోంది గానీ అసిరమ్మ యాసలో వస్తోంది. ఒక్క మాట సారూ.

సెప్పు, అన్నాను పైకే.